పిల్లను కాదు, ముందు తల్లిని చూడండి



ఈ నెల గోడపత్రికలో నేను పిల్లి గురించి రాస్తానంటే కొందరు నవ్వారు. దేశంలో ఇన్ని సమస్యలు ఉండగా పిల్లి గురించి రాస్తావా అన్నారు. నవ్వండి, కాని చివరిదాకా చదవండి. ఎందుకంటే మన బియ్యం స్టోరు దగ్గర తిరిగే బూడిదరంగు పిల్లికి కడుపు వచ్చింది. ఇంకో రెండు మూడు వారాలలో పిల్లలు పెడుతుంది. అప్పుడేం చేయాలి అని ఇప్పటి నుంచే మాటలు నడుస్తున్నయి.

తల్లిని సంచిలో వేసి సూర్యాపేట మార్కెట్ దగ్గర వదిలేయాలని కొందరు అంటున్నారు. మిర్యాలగూడ పోయేవాళ్లకు ఇచ్చి రైస్ మిల్లుల దగ్గర ఇడిసిపెట్టమందాం, అక్కడ ఎలుకలు ఉంటయి, అది బతుకుతది అని ఇంకొందరు అంటున్నారు. పిల్లలు ముద్దుగుంటయి, వాటిని మాత్రం మనం పాలు పోసి పెంచుకుందాం అని ఆరో తరగతి చెల్లెళ్లు అంటున్నారు. ఈ మూడు మాటలూ సరికాదు అని నా అభిప్రాయం. తల్లి, పిల్లలు కలిసి ఉన్నచోటనే 8 వారాలు ఉండనియ్యాలి. మనం చేసే సేవ ఏదైనా ఉంటే అది తల్లికి చేయాలి. ఎందుకు అంటున్నానో చెబుతాను.

మొదట మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పాలి. మాది కోదాడ అవతల ఒక తండా. మేము లంబాడీలం. అమ్మను యాడి అంటాము. మా ఇంట్లో బడికి పోయి ఇంతవరకు చదివింది నేనే మొదటిదాన్ని. మొన్న దసరా సెలవులకు ఇంటికి పోయిన. అప్పుడు పత్తి మొదటిసారి ఏరి తెచ్చి ముందు అర్రలో కుప్ప పోశారు. నేను పోయిన మూడో రోజు పొద్దున ఆ పత్తి కుప్పలో నుంచి సన్నగా కీచుమని వినబడ్డది. ఎలుక అనుకొని మా తమ్ముడు కట్టె తెచ్చాడు. చూస్తే ఒక పిల్లి, దాని పొట్ట కింద ఒకటే పిల్ల. ఆ పిల్లి మాది కాదు. ఎవరిదీ కాదు. ఇంటింటికీ తిరిగేది.

మా బాపుకు కోపం వచ్చింది. కోపం రావడంలో అన్యాయం ఏమీ లేదు. పత్తి అంటే మాకు ఏడాది బతుకు. పత్తికి తడి తగిలినా, మరక పడ్డా, చెత్త కలిసినా ధర తగ్గిస్తరు. విత్తనాల అప్పు, మందుల అప్పు అన్నీ ఆ కుప్ప మీదనే ఉన్నయి. బయట పడెయ్యమన్నాడు. మా యాడి ఏమీ అనలేదు. మా దాదీ మాత్రం, బాలింతను ఇంట్లకెళ్లి ఎల్లగొడతారా, అది మనిషైతేంది, పిల్లైతేంది అన్నది. కొంతసేపు గట్టిగానే మాటలైనయి.

ఆఖరుకు ఒక తోవ దొరికింది. పిల్లి ఉన్న మూలన గంపెడు పత్తి అట్లనే ఉంచి, మిగతా కుప్పను అవతలి గోడకు జరిపి నడుమ గోనె సంచులు అడ్డం కట్టారు. ఆ గంపెడు పత్తి లెక్కలో లేదు అనుకోమని దాదీ చెప్పింది. గంపెడు పత్తి అంటే రెండు మూడు కిలోలు. బండి వచ్చి పత్తి పోయినప్పుడు మా బాపుకు ఒక్క రూపాయి కూడా కోత పడలేదు. అంటే ఇల్లు నష్టపోకుండనే ఒక తల్లికి చోటు ఇయ్యవచ్చు. ఇది నేను కండ్లార చూసిన సంగతి.

ఇక పిల్లిపిల్ల ఎట్లా ఉంటుందో తెలుసుకుందాం. మన సైన్స్ టీచర్ చెప్పినవి, మండలంలో పశువుల డాక్టర్ చెప్పినవి, లైబ్రరీ పుస్తకంలో ఉన్నవి కలిపి రాస్తున్నాను.

పిల్లి సుమారు 63 నుంచి 65 రోజులు కడుపు మోస్తుంది. పుట్టిన పిల్ల బరువు సుమారు 100 గ్రాములు. అంటే మన స్నానం సబ్బు అంత. కండ్లు మూసుకొని ఉంటయి. చెవులు ముడుచుకొని ఉంటయి. 7 నుంచి 14 రోజుల మధ్య కండ్లు తెరుస్తుంది. మా ఇంట్ల పిల్ల తొమ్మిదో రోజు ఒక కన్ను, పదో రోజు రెండో కన్ను తెరిచింది. పుట్టిన పిల్లకు తన ఒంటి వేడిని తాను కాపాడుకునే శక్తి ఉండదు. తల్లి పొట్టనే దానికి దుప్పటి, అదే పొయ్యి. మొదటి వారం దాని చుట్టూ 30 డిగ్రీల వేడి ఉండాలి. ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. మొదటి మూడు వారాలు అది తనంతట తాను మూత్రం కూడా పోయలేదు. తల్లి నాలుకతో నాకితేనే వస్తుంది. తల్లి లేకపోతే కడుపు ఉబ్బి చచ్చిపోతుంది. కాబట్టి పిల్లలను మాత్రం మనం పెంచుకుందాం అనే చెల్లెళ్లారా, మీ ప్రేమ మంచిదే. కాని ఆ పని రాత్రి పగలు ప్రతి రెండు మూడు గంటలకు ఒకసారి చేయాలి. స్టడీ అవర్లో, ప్రేయర్లో, పరీక్షలో ఎవరు చేస్తారు?

ఇక పాల సంగతి. పిల్లి అంటే పాలు అని మనకు పాఠాలలో, కథలలో పడిపోయింది. తెనాలి రామకృష్ణుని పిల్లి కథ అందరికీ తెలుసు. మరిగే పాలు పోస్తే మూతి కాలిన పిల్లి తరువాత పాలు చూస్తేనే పారిపోయింది. అది కథ. కాని నిజంగా కూడా ఆవుపాలు, బర్రెపాలు పిల్లిపిల్లకు పడవు. ఆ పాలలో ఉండే చక్కెర లాంటి పదార్థం దానికి అరగదు. విరేచనాలు పట్టుకుంటయి. 100 గ్రాముల ప్రాణికి రెండుసార్లు విరేచనాలయితే ఒంట్లో నీరంతా పోతుంది. అదీ కాక తల్లిపిల్లి పాలలో ఉన్నంత బలం ఆవుపాలలో ఉండదు. మొదటి రోజు వచ్చే ముర్రుపాలు ఇంకా ముఖ్యం. రోగాలను ఆపే శక్తి పిల్లకు ఆ పాల నుంచే వస్తుంది. అది మొదటి ఒక్క రోజే పిల్ల పేగులకు పడుతుంది. ఆ రోజు తల్లిని దూరం చేస్తే తరువాత ఎన్ని పాలు పోసినా ఆ లోటు తీరదు. మనుషులలో కూడా ముర్రుపాలు పిండి పారబోయవద్దని అంగన్‌వాడీ టీచర్లు చెబుతూనే ఉంటారు కదా.

మరి మనం ఏం చేయాలి? తల్లికి పెట్టాలి. పాలిచ్చే పిల్లికి మామూలు కంటే రెండు మూడింతల తిండి కావాలి. పిల్లి మాంసం తినే జంతువు. అన్నం, మజ్జిగ పెడితే కడుపు నిండుతుంది గాని బలం రాదు. ఉడికిన కోడిగుడ్డు, ఉప్పు కారం వేయని చేప, కోడి పేగులు, తోలు ఉడికించి పెట్టాలి. ఉల్లిగడ్డ పిల్లికి విషం, కాబట్టి మనం తిన్న కూర పెట్టవద్దు. ఉడికిన బొక్కలు విరిగి గొంతులో గుచ్చుకుంటయి, అవి కూడా వద్దు. ఒక చిప్పలో మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి. మా ఇంట్లో కోడిని కోసినప్పుడు దాదీ పిల్లి వాటా వేరే తీసి పెట్టేది. ఏమీ లేని రోజు ఎండుచేపను నీళ్లలో నానబెట్టి ఉప్పు పోగొట్టి పెట్టేది. దాదీకి అక్షరం ముక్క రాదు. అయినా ఆమె చేసిన పని పుస్తకానికి సరిపోయింది.

పిల్లి పిల్లలను ఏడిండ్లు తిప్పుతుంది అని సామెత ఉంది. అది పిల్లి గుణం అని తిడతారు. గుణం కాదు, భయం. మనుషులు వచ్చి వచ్చి చూస్తే, ఎత్తుకుంటే, కుక్క వాసన తగిలితే, గండుపిల్లి తిరిగితే తల్లి పిల్లను నోట కరుచుకొని వేరే జాగకు పోతుంది. మా తండాలో పిల్లలందరూ చూడటానికి ఎగబడ్డారు. దాదీ గడప దగ్గర మంచం వేసుకొని కూర్చొని ఎవరినీ రానియ్యలేదు. అందుకే మా పిల్లి ఒక్క ఇల్లు కూడా మారలేదు. మన హాస్టల్లో మూడు వందల మందిమి ఒక్కొక్కసారి పోయి చూసొస్తే ఏమైతదో ఆలోచించండి.

తల్లి నిజంగానే చచ్చిపోయినా, ఒక రోజంతా రాకపోయినా అప్పుడు మాత్రం మనం చేయి పెట్టాలి. మొదట వేడి, తరువాతనే తిండి. చల్లబడ్డ పిల్లకు పాలు పోస్తే అరగవు. సీసాలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి, పక్కన పెట్టాలి. పిల్లిపిల్లల కోసం తయారు చేసే పాలపొడి గురించి పశువుల డాక్టరును అడగాలి. పాలు పట్టేటప్పుడు మనిషి బిడ్డను పడుకోబెట్టినట్టు వెల్లకిలా పెట్టవద్దు, పాలు ఊపిరితిత్తులలోకి పోతయి. బోర్లా ఉంచి తాగించాలి. తరువాత గోరువెచ్చని తడి గుడ్డతో కింద తుడిస్తే మూత్రం పోస్తుంది. ఇంట్లో జ్వరానికి వేసే పారాసిటమాల్ గోలీ పిల్లికి ప్రాణం తీసే విషం. సగం ముక్క కూడా వేయవద్దు.

వార్డెన్ మేడమ్ గారి తరఫు మాట కూడా న్యాయంగా చెప్పాలి. హాస్టల్ అంటే ఇల్లు కాదు. ఇంతమందికి వంట జరుగుతుంది. అన్నంలో వెంట్రుక వస్తే ఎవరిని అడుగుతారు? ఎవరినైనా గీరితే, కరిస్తే ఎవరు జవాబు చెప్పాలి? ఆ భయం సరైనదే. పిల్లి వల్ల కూడా రేబిస్ రావచ్చు. గీరినా కరిచినా ఆ గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే సర్కారు దవాఖానకు పోయి సూది వేయించుకోవాలి. పసుపు పెట్టి, సున్నం పెట్టి దాచుకోవద్దు. తిడతారని చెప్పకుండా ఉండటం అన్నిటికంటే ప్రమాదం. గర్భంతో ఉన్నవాళ్లు పిల్లి మలాన్ని ఎత్తకూడదు, దాని నుంచి కడుపులో బిడ్డకు జబ్బు రావచ్చు. ఇవన్నీ నిజాలే. కాని వీటికి మందు జాగ్రత్త, సంచి కాదు.

ఎందుకంటే సంచిలో వేసి వదిలితే ఏమవుతుంది? కడుపుతో ఉన్న పిల్లి తెలియని చోట, కుక్కల మధ్య, హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద లారీల కింద పడుతుంది. మిల్లుల దగ్గర ఎలుకలు ఉంటయన్నది నిజమే గాని అక్కడ ఎలుకలకు పెట్టిన మందు కూడా ఉండవచ్చు. చచ్చిన ఎలుకను తిన్న పిల్లి కూడా చస్తుంది. చట్టం కూడా ఒప్పదు. జంతువుల మీద క్రూరత్వాన్ని నిరోధించే చట్టం 1960లో వచ్చింది. ఆకలికి, దప్పికకు గురయ్యే విధంగా జంతువును వదిలివేయడం ఆ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం నేరం. మన రాజ్యాంగంలో 51ఎ అధికరణలో ప్రాథమిక విధులు ఉన్నాయి. వాటిని 1976లో 42వ సవరణ ద్వారా చేర్చారు. అందులో ప్రాణుల పట్ల దయ కలిగి ఉండటం ఒక విధి. సోషల్ పరీక్షలో మనమందరం అది రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే.

పైగా పిల్లి లేకపోతే నష్టం మనకే. సైప్రస్ అనే దీవిలో సుమారు 9,500 ఏండ్ల కిందటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చిపెట్టినట్టు శాస్త్రవేత్తలు 2004లో ప్రకటించారు. అంటే మనిషి వ్యవసాయం నేర్చిన తొలి కాలం నుంచి పిల్లి మనతో ఉన్నది. గింజలు దాస్తే ఎలుకలు వచ్చినయి, ఎలుకల కోసం పిల్లి వచ్చింది. మన బియ్యం స్టోరు సంగతి కూడా అంతే కదా. పోయిన ఏడాది ఎలుకలు కొరికిన సంచులెన్నో స్టోరు అక్కకు తెలుసు. పిల్లి తిరగడం మొదలయ్యాక ఎట్లా ఉందో కూడా ఆమెనే అడగండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. మా ఇంట్ల పిల్ల కండ్లు తెరిచినాక పక్క తండా నుంచి ఒకాయన వచ్చి, ఎలుకల బాధ ఎక్కువుంది, పెద్దదైనాక నాకు ఇయ్యండి అన్నాడు. డాక్టర్ తోక లేపి చూసి ఆడదని చెప్పాడని తెలిసినాక, ఆడదా, అయితే వద్దు, ఏడాదికి రెండుసార్లు ఈనుతది, ఎవరు సాకాలె అన్నాడు. అక్కడ ఉన్నవాళ్లు అందరూ తల ఊపారు. ఎలుకలను పట్టడంలో ఆడపిల్లి ఏం తక్కువ? ఏమీ తక్కువ లేదు.

ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో, దేవరకొండ వైపు తండాలలో పుట్టిన ఆడబిడ్డలను ఇచ్చివేస్తున్నారని, అమ్ముకుంటున్నారని 1990ల చివరి నుంచి పేపర్లలో వచ్చింది. మనలను చూసి లోకం అట్లా అనుకున్నది. ఆ తల్లులకు ప్రేమ లేక కాదు. కరువు, అప్పు, కట్నం భయం, కొడుకు కావాలన్న ఒత్తిడి. బాలింతకు కడుపునిండ తిండి, పక్కన ధైర్యం చెప్పే మనిషి ఉంటే ఏ తల్లి బిడ్డను ఇస్తుంది? పిల్లితో మనిషిని పోల్చుతున్నావా అని కోపం చేయవద్దు. పోల్చడం లేదు. ఆడది అనగానే చెయ్యి వెనక్కి తీసుకునే అలవాటు ఒకటే అని చెబుతున్నాను. ఆ అలవాటు చిన్న ప్రాణి దగ్గర మొదలై పెద్ద ప్రాణి దగ్గరకు వస్తుంది. ఈ స్కూలులో ఉన్నవాళ్లమంతా ఆడపిల్లలమే. మనం కూడా, ఆడపిల్లిపిల్ల అయితే పారేద్దాం అంటే ఎట్లా?

ఎక్కువ పిల్లలు కాకుండా ఉండాలంటే దారి ఉంది. పశువుల డాక్టర్లు ఆడపిల్లికి పిల్లలు కాకుండా ఆపరేషన్ చేస్తారు. పిల్లలు పాలు మరిచినాక చేయించవచ్చు. ఆలస్యం మాత్రం చేయవద్దు. ఎందుకంటే పాలిస్తుండగానే పిల్లికి మళ్లీ కడుపు రావచ్చు. పిల్ల కూడా నాలుగైదు నెలలకే ఎదకు వస్తుంది. పిల్లికి ఆపరేషనా అని మా బాపు నవ్వాడు. ఇంకా ఒప్పుకోలేదు. ఫోన్ చేసిన ప్రతిసారి నేను అడుగుతూనే ఉన్నాను. ఆ పిల్లకు ఇప్పుడు మూడు నెలలు దాటింది. ఎవరూ తీసుకపోలేదు, మా ఇంట్లనే ఉన్నది.

కాబట్టి వార్డెన్ మేడమ్ గారిని, అందరినీ నేను కోరేది ఇది.

1. పిల్లి ఈనేదాకా, ఈనిన తరువాత 8 వారాలు దాన్ని ఎవరూ తరమవద్దు, సంచిలో వేయవద్దు.

2. స్టోరు వెనుక కట్టెల కొట్టంలో ఒక అట్టపెట్టె, పాత గోనె సంచి పెట్టనియ్యండి. వంటగదికి, డార్మిటరీకి రాకుండా తలుపులు మూసే బాధ్యత మాది.

3. ఆ కొట్టంలో ఫినాయిల్ చల్లవద్దు. అది పాదాలకు అంటుకొని, పిల్లి నాకినప్పుడు కడుపులోకి పోయి విషమవుతుంది.

4. గుడ్డు పెట్టే రోజు నలుగురం కలిసి ఒక గుడ్డు వదులుకుంటాము. తొమ్మిదో తరగతిలో ఇప్పటికి ఎనిమిది మంది పేర్లు ఇచ్చారు. అంటే రెండు గుడ్లు.

5. చూడటానికి ఎవరూ పోవద్దు. తిండి పెట్టే ఇద్దరే పోవాలి. వాళ్లు పెద్ద తరగతి వాళ్లు కావాలి, వచ్చినాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

6. 8 వారాల తరువాత పిల్లలను అడిగినవాళ్లకు ఇద్దాం. ఆడదా మగదా అని అడిగేవాళ్లకు మాత్రం చివరన ఇద్దాం. తల్లికి ఆపరేషన్ గురించి పశువుల దవాఖానలో అడగడానికి మేడమ్ గారు ఒక చీటీ రాసి ఇయ్యాలి.

పిల్లికి బిచ్చం పెట్టని ఇల్లు అని ఊర్లలో పిసినారి ఇంటిని అంటారు. మన హాస్టల్‌కు ఆ పేరు వద్దు. నేను రాసింది తప్పు అనుకున్నవాళ్లు కూడా రాయండి. వచ్చే నెల ఈ పక్కనే అంటించుదాం, అందరం చదువుదాం. కాని పిల్లి వచ్చే నెల దాకా ఆగదు. అందుకని మేడమ్ గారు ఈ వారమే ఒక మాట చెప్పాలని ప్రార్థన.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి.